ఎర్రతేలు, నల్లతేలు: ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన సంగతులు

కోటప్పకొండకు వచ్చే యాత్రికులు తల పైకెత్తి ఆకాశం వంక చూడడం నేను చిన్ననాటి నుండి గమనిస్తున్నాను. ఈ కొండ మీద కాకి వాలదని ప్రతీతి గనుక, ఒక్క కాకి అయినా కనబడుతుందేమోనని వెదుకుతారు. మెట్లదారి పక్కనున్న రాళ్ళ వంక వంగి చూచేవారు మాత్రం అరుదు. మా గురువుగారు నన్ను మొదటిసారి ఆ కొండకు తీసుకొని వెళ్ళినప్పుడు, త్రికోటేశ్వర స్వామి దర్శనం ముగిసిన తరువాత నాకు చూపించినది ఒక రాతిని. దానిని చేతికర్రతో మెల్లగా తిరగవేసి, "కదలకుండా చూడు, ముట్టుకోకు" అన్నారు. రాతి కింద వేలెడు పొడవు లేని ఎర్రతేలు ఒకటి నేలకు కరచుకొని ఉన్నది. అప్పటికి నాకు పదహారేండ్లు. అష్టాంగహృదయంలో విషప్రకరణం వల్లించడం ఆ నెలలోనే మొదలుపెట్టాను.

"శ్లోకం నోటికి వచ్చినది సరే, కుట్టే జంతువు ఇంకా నీ కంటికి రాలేదు" అని గురువుగారు అన్న మాట నాకు అప్పుడు పూర్తిగా బోధపడలేదు. బోధపడడానికి పదేండ్లు పట్టినది. అందుకు చెల్లించిన మూల్యం సంగతి తరువాత చెబుతాను.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని మనవారు అంటారు. చలి వెళ్ళగానే నేల వేడెక్కుతుంది, రాళ్ళ కింద ముడుచుకొని ఉన్న తేళ్ళు రాత్రులు బయటికి రావడం మొదలుపెడతాయి. సరిగా ఆ రోజులలోనే కొండ కింద ప్రభల సంబరం, నేల మీద చాపలు పరచుకొని నిద్రించే వేలాది జనం. అప్పుడే పల్నాటి పల్లెలన్నింటా మిరప కల్లాలు, కాయ ఆరబోసిన చోటనే కావలి పడుకొనే కూలీలు. నాటి నుండి తొలకరి వానలు కుదుటపడే వరకు మా వైద్యశాలకు తేలుకాటు రోగులు వస్తూనే ఉంటారు. పూర్వం వీరిలో అందరూ పొలం పనివారే. ఈ పదిహేను ఇరవై సంవత్సరాలుగా పట్టణాల శివార్లలోని రాతి నేలలలో కొత్త కాలనీలు వెలసిన తరువాత, ఉద్యోగస్థుల ఇండ్ల నుండి, ముఖ్యంగా చిన్నపిల్లలతో వచ్చేవారు పెరిగారు. ఈ వ్యాసం వారి కొరకే వ్రాస్తున్నాను.

రెండు తేళ్ళలో ఏది ప్రమాదకరం?

మన ప్రాంతంలో సామాన్యంగా కనబడేవి రెండు రకాలు. ఒకటి నల్లతేలు. బాగా ఎదిగిన దానిని మండ్రగబ్బ అంటారు. నాలుగైదు అంగుళాల పొడవు, నిగనిగలాడే నలుపు, పీత డెక్కల వలె బలిసిన డెక్కలు, వాటితో పోల్చితే సన్నని తోక. దీనిని చూడగానే ఇంట్లో కేకలు మొదలవుతాయి, చెప్పులు చేతికి వస్తాయి. రెండవది ఎర్రతేలు. మూడంగుళాలకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఇటుక రంగు గాని, నారింజ కలసిన గోధుమ రంగు గాని. డెక్కలు పట్టుకారు మొనల వలె సన్నగా ఉంటాయి. తోక మాత్రం లావుగా, కణుపులు కణుపులుగా ఉంటుంది. దీనిని చూచి "పిల్లతేలేలే" అని ఊరుకొన్నవారిని ఎందరినో ఎరుగుదును.

నిజం ఇందుకు తలక్రిందులు. మండ్రగబ్బ కుడితే నొప్పి, మంట, వాపు బాధిస్తాయి; కొన్ని గంటలలో, మహా అయితే మరునాటికి తగ్గుతాయి. ప్రాణం తీసేది ఎర్రతేలు. కారణం ఆలోచిస్తే సులభంగానే తెలుస్తుంది. డెక్కలలో బలం గలది ఎరను డెక్కలతోనే నలిపివేస్తుంది, కొండితో దానికి అంత పని ఉండదు. డెక్కలు సన్ననైన జంతువు ఎరను పట్టి నిలుపలేదు. విషంతోనే దానిని పడగొట్టవలెను. ప్రపంచంలో ప్రాణాంతకమని పేరుపడిన తేళ్ళు దాదాపు అన్నీ సన్నని డెక్కలు, లావు తోక గలవే. రంగును మాత్రమే నమ్మకూడదు. ఎర్రతేలు కొన్ని చోట్ల ముదురు రంగులో ఉంటుంది, కుబుసం విడిచిన కొత్తలో పాలిపోయి ఉంటుంది. ముందుగా డెక్కలు, తరువాత తోక చూడవలెను.

ఎర్రతేలును డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు ఫాబ్రిషియస్ 1798 లోనే వర్ణించి, తమిళదేశాన్ని బట్టి తములస్ అని పేరు పెట్టాడు. ప్రజాతి పేరు పలుమార్లు మారి నేడు హాటెంటోటా తములస్ అని వ్యవహరిస్తున్నారు. పేరు తమిళులదైనా, జంతువు తెలుగునాట, కన్నడనాట, మహారాష్ట్రలో కూడ ఉన్నది.

బానలో పెంచిన తేళ్ళు

గురుకులంలో మా గురువుగారు నాచేత రెండు వెడల్పాటి మట్టిబానలు తెప్పించి, అడుగున ఇసుక, పెంకు ముక్కలు వేయించి, ఒకదానిలో నల్లతేలును, ఒకదానిలో ఎర్రతేలును ఉంచారు. మూతికి పలుచని గుడ్డ. ఒక సంవత్సరం పాటు వాటిని చూచి రాత్రి రాత్రి వ్రాసిపెట్టడం నా పని. పాఠకులు ఇండ్లలో ఇటువంటి ప్రయత్నం చేయకూడదు. అది వేరు కాలం, పక్కన గురువు ఉన్నాడు.

మొదట నన్ను ఆశ్చర్యపరచినది వాటి ఆకలి, లేక ఆకలి లేకపోవడం. ఎర్రతేలు ఒక బొద్దింకను తిన్న తరువాత ఇరవై రోజులు మరేమీ ముట్టలేదు. తేలు నమలదు. ఎరను చిదిమి, దాని మీద జీర్ణరసం పోసి, కరగిన సారాన్ని పీల్చుకొని పిప్పిని వదలివేస్తుంది. శరీరంలో జరిగే వ్యాపారమంతా అతి మందగతి. కొన్ని జాతులు సంవత్సరం వరకు ఆహారం లేకుండ జీవించగలవని శాస్త్రజ్ఞులు గమనించారు. నీటిని కూడ అంత పొదుపుగానే వాడుతుంది. మనం మూత్రంతో విడిచే మలినాన్ని అది దాదాపు ఎండు పదార్థంగా విడిచిపెడుతుంది. ఎండకు పగిలే పల్నాటి రాతి నేలలో అది ఎట్లు బ్రతుకుతున్నదో ఇందువలన తెలుస్తుంది. ఇల్లు కొన్నాళ్ళు మూసి ఉంచితే తేళ్ళు ఆకలితో చస్తాయని తలచేవారు ఈ సంగతి గుర్తుంచుకోవలెను.

తల మీద రెండు కన్నులు, పక్కల మరికొన్ని చిన్న కన్నులు ఉన్నా తేలుకు చూపు స్వల్పం. అది లోకాన్ని కాళ్ళతో గ్రహిస్తుంది. బాన అంచును వ్రేలితో తట్టితే చాలు, తట్టిన వైపునకు తిరిగేది. డెక్కల మీద సన్నని రోమాలు ఉంటాయి, మెల్లగా ఊదితే తోక లేచేది. పొట్ట కింద దువ్వెనల జత వంటి అవయవం ఒకటి ఉన్నది. నడుస్తున్నప్పుడు దానిని నేలకు తాకిస్తూ, మనం ముక్కుతో చేసే పనిని దానితో చేస్తుంది.

ఒకనాటి ఉదయం ఎర్రతేలు వీపు నిండ తెల్లని చుక్కలు కనబడినవి. దగ్గరగా చూస్తే పిల్లలు. తేలు గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. ఇరవై మూడింటిని లెక్కించాను. పిల్లలు తల్లి పొట్ట చీల్చుకొని పుడతాయని, తల్లిని తినివేస్తాయని మా ఊరిలో చెప్పుకొనేవారు, నేనూ నమ్మినవాడినే. తల్లి ఆ పిల్లలను వారం రోజులు మోసినది. మొదటి కుబుసం విడిచిన తరువాత అవి ఒకటొకటిగా దిగిపోయినవి. తల్లి నిక్షేపంగా ఉండి, కొన్నాళ్ళకు బొద్దింకను పట్టుకొన్నది. నిప్పుల వలయంలో పెడితే తేలు తనను తాను కుట్టుకొని చస్తుందన్న మాట కూడ ఇటువంటిదే. వేడికి దేహం మెలికలు తిరగడమే గాని ఆత్మహత్య కాదు. దాని విషం దానిని చంపదు.

వైద్యునికి మిక్కిలి పనికివచ్చిన పరిశీలన మరొకటి. చిన్న ఎరను వేసినప్పుడు తేలు కొండిని ఉపయోగించలేదు. పెద్ద బొద్దింక గింజుకొంటేనే కొండి దించినది. విషం తయారు కావడానికి దేహానికి ఖర్చు ఉన్నది, అందుచేత తేలు పిసినారి వలె దానిని వాడుతుంది. మనిషి దానికి ఆహారం కాదు గనుక మనిషిని వెదుక్కొంటూ వచ్చి కుట్టదు. పాదం కింద నలిగినప్పుడు, చొక్కా మడతలో చేయి దూరినప్పుడు, పక్కబట్టల మధ్య దేహం ఒత్తిడి తగిలినప్పుడు కుడుతుంది. కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణమాసం మూడవ సోమవారం కొండలరాయునికి భక్తులు కొండ మీది రాళ్ళ కింద తేళ్ళను పట్టి సమర్పిస్తారు. చేతిలో తేలు పెట్టుకొని నిలబడినవారిని చూచి లోకం ఆశ్చర్యపడుతుంది. దైవబలం మాట భక్తులకు వదలి, వైద్యునిగా నేను చెప్పగలిగినది ఇంతే: నలపనంత వరకు తేలుకు కుట్టవలసిన అవసరం తక్కువ. అయినా ఎవరూ ఆ సాహసం చేయకండి, అందులోనూ ఎర్రతేలుతో.

మన విశ్వవిద్యాలయంలో తేలు

నేను బానలో చూచిన దానిని తెలుగునాటనే మరింత లోతుగా పరిశోధించినవారు ఉన్నారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులు 1960, 70 దశకాలలో నల్లతేలు మీద వరుసగా పరిశోధనలు చేశారు. దాని సంచారం, రక్తంలోని చక్కెర, కాలేయం వంటి గ్రంథిలోని నిల్వ, గుండె కండరంలోని మార్పులు ఇవన్నీ రోజుకొక ఆవృత్తిగా, గడియారం పెట్టినట్లు హెచ్చుతగ్గులు చెందుతాయని తేల్చారు. పగలంతా రాయివలె పడి ఉన్న జంతువు పొద్దుగూకిన తరువాత మేల్కొనడం కేవలం చీకటిని చూచి కాదు. దేహంలోనే ఆ లయ ఉన్నది. మన శాస్త్రంలో దినచర్య, రాత్రిచర్య మనిషికి చెప్పారు. ఇంత చిన్న ప్రాణికీ అది ఉన్నదని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు.

గత వేసవిలో ఇంటర్ బైపీసీ చదువుతున్న మా మనుమరాలు నాకు మరొక వింత చూపించినది. నోట్లు అసలువో నకిలీవో చూచే నీలిదీపం ఒకటి కొని, "తాతయ్యా, దీని వెలుగులో తేళ్ళు మెరుస్తాయట, వెళ్దామా?" అని అడిగినది. తేలు పైపొరలో ఉన్న కొన్ని పదార్థాల వలన అతినీలలోహిత కాంతి పడగానే అది ఆకుపచ్చ కలసిన నీలివెలుగుతో ప్రకాశిస్తుంది. శాస్త్రలోకానికి ఇది 1950 దశకంలో తెలిసినది. అప్పుడే కుబుసం విడిచిన మెత్తని తేలు మాత్రం, పైపొర గట్టిపడేవరకు మెరవదు.

మోకాలి వరకు బూట్లు తొడుగుకొని, కొండ కింద మాకు పరిచయమున్న రైతు మిరప కల్లానికి వెళ్ళాము. వెన్నెల లేని రాత్రి. కల్లం పక్కన రాళ్ళు పేర్చిన గట్టు మీదికి దీపం తిప్పగానే నేను నోట మాట లేక నిలబడిపోయాను. నక్షత్రాలు రాలి గట్టున పడినట్లు అక్కడొకటి, ఇక్కడొకటి. గంటసేపటిలో పద్నాలుగు ఎర్రతేళ్ళు, రెండు నల్లవి లెక్కించాము. నల్లవి రెండూ నేలలో తాము త్రవ్వుకొన్న బొరియల గడప వద్ద డెక్కలు చాచి కూర్చున్నవి. ఎర్రవి అట్లు కాదు. రాళ్ళ సందులలో, తుమ్మచెట్టు బెరడు మీద, గట్టు అంచున మూడడుగుల ఎత్తున కూడ ఉన్నవి. నల్లతేలుకు ఇల్లు ఉన్నది, ఎర్రతేలు దేశదిమ్మరి. గరుకు గోడ ఎక్కగలదు, కప్పులో దూరగలదు. కావలి కూలీలు తలకింద గోతాలు పెట్టుకొని పడుకొనే చోటు ఆ గట్టుకు పది అడుగుల దూరం. ఆ రైతుకు చూపిస్తే, "అయ్యా, ముప్పై ఏండ్లుగా ఇక్కడే పడుకొంటున్నాం, నాలుగైదు ఉంటాయనుకొన్నా గానీ..." అని మాట పూర్తిచేయలేకపోయాడు. మరునాడు మంచాలు తెప్పించాడు.

శాస్త్రం ఏమన్నది?

సుశ్రుతుడు కల్పస్థానంలో తేళ్ళను మందవిషం, మధ్యవిషం, మహావిషం అని మూడు తరగతులుగా విభజించి, మొదటివి పన్నెండు, రెండవవి మూడు, మూడవవి పదిహేను, వెరసి ముప్పై అని లెక్క చెప్పాడు. పేడ కుళ్ళిన చోట పుట్టేవి మందవిషాలు, కట్టెలలో ఇటుకలలో పుట్టేవి మధ్యవిషాలు, పాము కళేబరం నుండి పుట్టేవి మహావిషాలు అని వాటి పుట్టుక. తేలు కుళ్ళు నుండి పుట్టదని బానలోని తల్లితేలే నాకు చెప్పినది. ఆ భాగాన్ని అక్షరాలా పట్టుకొని వాదించవలసిన పని లేదు. గ్రహించవలసినది వేరు. చికిత్స చెప్పడానికి ముందు ఆచార్యుడు తేలు ఎక్కడ ఉంటుందో, ఏ రంగులో ఉంటుందో, ఏ తరగతిదో చూడమన్నాడు. మందవిషానికి నూనె పోయడం, చెమట పట్టించడం వంటి చిన్న ఉపచారాలు చాలునని, మిగిలిన వాటికి సర్పదష్టునికి వలె చికిత్స చేయవలెనని స్పష్టంగా అన్నాడు.

చరకుడు విషచికిత్సలో ఇరువది నాలుగు ఉపక్రమాలు చెప్పాడు. అందులో మొదటిది మంత్రం. మనవారు ఆ ఒక్కదానిని పట్టుకొన్నారు. హృదయావరణం, అనగా విషం సోకకుండ గుండెను కాపాడడం, అదే పట్టికలో ఉన్నది, దానిని మరచిపోయారు. తేలుకాటులో గుండెను కాపాడడమే ప్రధానమని నేటి వైద్యం చెబుతున్నది. ఆ సంగతి నేను ఆలస్యంగా తెలుసుకొన్నాను.

1987 వేసవి

స్వతంత్రంగా వైద్యం మొదలుపెట్టి అప్పటికి ఎంతో కాలం కాలేదు. కొండ దిగువ పల్లె నుండి ఆరేండ్ల పిల్లవానిని తండ్రి భుజాన వేసుకొని వచ్చాడు. పుల్లలు ఏరుతుండగా చేతివ్రేలి మీద ఎర్రతేలు కుట్టినది. పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఉత్తరేణి వేరు నూరి పట్టు వేశాను. గంటలో ఏడుపు తగ్గినది. నొప్పి ఉన్నదా అంటే లేదన్నాడు. తండ్రి నా చేతులు పట్టుకొన్నాడు. పిల్లవాని ఒళ్ళంతా చెమట, రెండుసార్లు వాంతి, చేతులు చల్లబడినవి. వేడి శమించినదని, విషం దిగుతున్నదని నేను భావించాను. ఇంటికి పంపకుండ అక్కడే పడుకోబెట్టుకోవడం ఒక్కటే నేను చేసిన మంచిపని.

సాయంకాలం గురువుగారు వచ్చి పిల్లవాని పాదాలు ముట్టి చూచి, "చెమట ఎప్పటి నుండి?" అని అడిగారు. పొద్దుటి నుండి అన్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. వెంటనే జీపు మాట్లాడించి పట్నం పంపించారు. దారిలోనే దగ్గు, ఆయాసం పట్టుకొన్నవి. ఆ రాత్రి గడవలేదు.

ఆ తరువాత చాలా కాలానికి గాని నేను చేసిన పొరపాటు నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఎర్రతేలు విషం నాడుల మీద పనిచేసి, దేహంలో ఉద్రేకాన్ని కలిగించే రసాలను వెల్లువ వలె విడిపిస్తుంది. రక్తనాళాలు బిగుసుకొంటాయి, చేతులు కాళ్ళు చల్లబడతాయి, చెమట కారుతుంది, వాంతులవుతాయి, చొంగ కారుతుంది. బిగిసిన నాళాలలోనికి రక్తాన్ని నెట్టలేక గుండె అలసిపోతుంది. ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. విషం దేహమంతటా ప్రబలినప్పుడు కుట్టినచోట నొప్పి స్వల్పంగా ఉండవచ్చును. అనగా ఏ లక్షణాన్ని చూచి నేను విషం దిగిందనుకొన్నానో, అదే విషం ఎక్కిన లక్షణం. విషానికి సుశ్రుతుడు చెప్పిన పది గుణాలలో వ్యవాయి అన్నది, దేహమంతా త్వరగా వ్యాపించేదని, నాకు కంఠస్థమే.

మహాడ్ వైద్యుని కృషి

ఇదే సమస్యతో మహారాష్ట్రలో రాయగఢ్ జిల్లా మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ పోరాడారు. కొంకణ గ్రామాల నుండి వచ్చే ఎర్రతేలు రోగులను రాత్రింబగళ్ళు పక్కన కూర్చుని పరిశీలించి, రక్తనాళాలను సడలించే ప్రాజోసిన్ అనే సామాన్యమైన రక్తపోటు మాత్రను ఈ రోగులకు వాడి ఫలితం సాధించారు. 1980 దశకంలో ఆయన ప్రచురించిన అనుభవాలు ప్రపంచ వైద్యులను ఆకర్షించినవి. అంతకు ముందు, ఊపిరితిత్తులలో నీరు చేరిన రోగులలో నూటికి పాతిక ముప్పై మంది మరణించేవారు. ఈ మాత్ర వచ్చిన తరువాత మరణాలు బహు స్వల్పమైనవి. తేలువిషానికి విరుగుడు సూదిమందు కూడ మనదేశంలో తయారవుతున్నది. 2011 లో ప్రచురించిన 70 మంది రోగుల పరిశోధనలో, మాత్ర ఒక్కటే తీసుకొన్నవారు కోలుకోవడానికి సగటున 17 గంటలకు పైగా పట్టగా, మాత్ర, విరుగుడు రెండూ పొందినవారు 8 గంటలలో కోలుకొన్నారు. ఆయనకు 2022 లో పద్మశ్రీ లభించినది. పెద్ద ప్రయోగశాల ఏదీ లేకుండ, రోగి మంచం పక్కన కూర్చుని చూడడం వలన కలిగిన జ్ఞానం ఇది. మా గురువుగారు బతికి ఉంటే ఆయనను చూడడానికి మహాడ్ వెళ్ళేవారు.

ఇంటిలో చేయవలసినది, చేయకూడనిది

చింతగింజ అరగదీసి అంటిస్తే విషం పీలుస్తుందని, మంత్రిస్తే దిగుతుందని, నవాసారం సున్నం కలిపి వాసన చూపితే పోతుందని అనేకులు అనుభవం చెబుతారు. వారు అబద్ధమాడడం లేదు. నల్లతేలు కుట్టినా, ఎర్రతేలు కొద్దిగా మాత్రమే విషం విడిచినా, ఏమీ చేయకపోయినప్పటికీ కొన్ని గంటలలో తగ్గుతుంది. ఆ సమయంలో ఏది చేస్తే దానికి కీర్తి. నా ఉత్తరేణి పట్టుకు వచ్చిన పేరు కూడ చాలావరకు ఇట్లు వచ్చినదేనని ఇప్పుడు ఒప్పుకొంటున్నాను. ఉత్తరేణి వేరు గాని, తుమ్మి ఆకు గాని పైపూతగా వేస్తే హాని లేదు, మనసుకు ఊరట. ఆ పూత వేస్తూ గంటలు గడపడంలోనే హాని ఉన్నది.

కుట్టగానే రోగిని కూర్చోబెట్టి ధైర్యం చెప్పండి. కుట్టినచోట సబ్బు నీటితో కడిగి, చల్లని తడిగుడ్డ వేయండి. ఉంగరాలు, గాజులు ఉంటే వాపు రాకముందే తీయండి. పెద్దవారికి నొప్పికి పారాసిటమాల్ మాత్ర చాలును. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, పర్మాంగనేటు వంటి ఘాటైన మందులు అద్దడం చేయవద్దు. ఇవి పుండు చేస్తాయి గాని విషాన్ని తీయవు. ప్రాజోసిన్ మాత్రను చదివినంత మాత్రాన తెచ్చి ఇంట్లో వేయకూడదు. రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చును. అది వైద్యుని కనుసన్నలలో ఇవ్వవలసిన మందు.

పన్నెండేండ్ల లోపు పిల్లలను, గుండెజబ్బు ఉన్నవారిని, గర్భిణులను, తేలు ఎర్రదని తెలిసినా, అసలు ఏ తేలో చూడకపోయినా, లక్షణాల కొరకు ఎదురుచూడకుండ ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలెను. మిగిలినవారిలో వాంతి, ఒళ్ళంతా చెమట, చొంగ, చల్లని చేతులు కాళ్ళు, గుండెదడ, మగపిల్లలలో అంగం బిగుసుకోవడం, వీటిలో ఏది కనబడినా అదే మాట. దగ్గు, ఆయాసం వచ్చేవరకు ఆగితే ఆలస్యమైనట్లే. 108 కు ఫోను చేయండి. తేలును చేత్తో పట్టి తీసుకొని పోనవసరం లేదు. దూరం నుండి సెల్‌ఫోనుతో బొమ్మ తీస్తే వైద్యునికి చాలును. మొదటి ఇరవై నాలుగు గంటలు పిల్లవాని మీద కన్నువేసి ఉంచవలెను, వాడు నొప్పి లేదని నవ్వుతున్నా సరే.

ఇక నివారణ. సుశ్రుతుడు చెప్పిన పేడ, కట్టెలు, ఇటుకలు ఈనాటికీ తేళ్ళ విడిదులే. పిడకల గూడు, వంటచెరకు, ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకల కుప్ప గోడకు ఆనించి ఉంచకండి. పిల్లల బూట్లు, చిలకకొయ్యకు తగిలించిన చొక్కాలు, దులిపిన తరువాతనే తొడగండి. మంచం కోళ్ళు గోడకు తగలకుండ, దుప్పటి నేలకు జీరాడకుండ చూడండి. తేళ్ళ మందులు చల్లడం కంటె బొద్దింకలను తగ్గించడం మేలు. ఆహారం లేనిచోట వేటగాడు నిలువడు. పెరటిలో కోళ్ళు ఉన్న ఇండ్లలో తేళ్ళు తక్కువ. కోడి తేలును ముక్కుతో కొట్టి తినివేస్తుంది.

మన పల్నాటి ఇండ్లకు మరొక ప్రత్యేకత ఉన్నది. ప్రహరీలు, దొడ్డిగోడలు నాపరాళ్ళు పేర్చి కడతాము. రాతికి రాతికి మధ్య వేలు దూరే సందులు ఉంటాయి. ఎర్రతేలుకు ఇంతకంటె మంచి భవంతి లేదు. పిల్లలు ఆడుకొనే ఎత్తు వరకైనా ఆ సందులలో సున్నమో సిమెంటో మెత్తించండి.

కల్లం నుండి తిరిగి వచ్చిన రాత్రి మా మనుమరాలు ఆ దీపాన్ని ఆర్పలేదు. మా దొడ్డిలోనికి వెళ్ళి, నాపరాళ్ళ గోడ మీద ఆ చివర నుండి ఈ చివర వరకు తిప్పినది. "తాతయ్యా, ఇటు రా, చెప్పులు వేసుకొని రా" అని కేకవేసినది. వేసవి రాత్రులలో నేను ఆరుబయట మంచం వేసుకొని పడుకొనేది ఆ గోడ పక్కనే. ఆరు ఎర్రతేళ్ళు ఉన్నవి. ఒకదాని వీపున పిల్లలు. మేస్త్రీని పిలిపించి గోడ మెత్తించేసరికి పది రోజులు పట్టినది. అంతవరకు నా మంచం ఇంటి నడిమికి మారినది.